నా గురించి... ఏముంది చెప్పడానికి?

మా పక్కింటి వదినగారు మగ్గం వర్క్ చేస్తారు. పెళ్లి జాకెట్టు అంటే మా పేటలో ముందుగా ఎక్కేది ఆవిడ గుమ్మమే. ఆ మధ్య హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్లమ్మాయి సెలవులకు వచ్చి, "అమ్మా, నీ పనికి ఒక వెబ్‌సైట్ పెడుతున్నాను. ఫొటోలూ రేట్లూ నేను చూసుకుంటాను. నీ గురించి మాత్రం నువ్వే నాలుగు మాటలు రాసివ్వు" అని కాగితం, పెన్నూ చేతిలో పెట్టిందట. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు సాయంత్రం వదినగారు ఆ కాగితాన్ని మడతపెట్టుకుని మా ఇంటికి వచ్చారు. "మీరు పత్రికల్లో రాస్తారు కదా వదినగారూ, ఒక్కసారి చూసిపెట్టండి. అయినా నా గురించి చెప్పడానికి ఏముందని?" అన్నారు మొహమాటంగా.

విప్పి చూశాను. "నేను ఒక సాధారణ గృహిణిని. మావారు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇద్దరు పిల్లలు. ఖాళీ సమయంలో ఏదో కాలక్షేపానికి మగ్గం వర్క్ చేస్తుంటాను. తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించగలరు." అంతే!

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఖాళీ సమయమట! పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి ఒంటిగంటకు కూడా ఆవిడ వరండాలో లైటు వెలుగుతూ ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కాలక్షేపమట! ఆ కాలక్షేపంతోనే కదా కూతురి ఇంజినీరింగ్ ఫీజులు కట్టింది. ఇక ఆ క్షమాపణ ఎందుకో, ఎవరికో!

ఆవిడను అని నేను తప్పించుకోలేను లెండి. కొంతకాలం కిందట ఒక సభకు నన్ను మాట్లాడటానికి పిలిచారు. నిర్వాహకులు ముందే ఫోన్ చేసి, "మీ పరిచయం నాలుగు వాక్యాలు పంపండి మేడమ్" అని అడిగారు. "ఎందుకండీ అవన్నీ" అన్నాను, అదేదో గొప్ప సంస్కారమైనట్టు. తీరా వేదిక మీద నన్ను మావారి పేరు చెప్పి, ఆయన ఉద్యోగం చెప్పి, "వారి శ్రీమతి" అని పరిచయం చేశారు. ఇంటికొచ్చే దారంతా చిరాకు పడ్డాను. కానీ ఆలోచిస్తే వాళ్ల తప్పేముంది? ఖాళీ కాగితం ఇచ్చింది నేనే. వాళ్లకు తెలిసిందేదో దాంతో నింపుకున్నారు.

అవును, మనం వదిలేసిన ఖాళీ ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు తమకు తోచింది అందులో రాసేస్తారు. ఈ వారం నేను మీతో చెప్పాలనుకున్న మాట ఇదే.

మన పెంపకంలోనే ఉంది ఇదంతా. ఆడపిల్ల నలుగురిలో తన గురించి తాను చెప్పుకుంటే "సొంత డబ్బా" అన్నారు. పదో తరగతిలో ఫస్టొచ్చినా, "ఏదో దేవుడి దయ" అనడం నేర్పారు. వంట అద్భుతంగా ఉందని ఎవరైనా అంటే, "అబ్బే, ఇవాళ ఉప్పు కాస్త ఎక్కువైందండీ" అని మనమే ముందుగా లోపం వెతికి చూపిస్తాం. అణకువ మంచిదే, కాదనను. కానీ నిజాన్ని దాచేసే అణకువ కూడా ఒక రకం అబద్ధమే కదూ?

ఇది మన ఇళ్లకే పరిమితం కాదు. క్రిస్టీన్ ఎక్స్‌లీ, జడ్ కెస్లర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు అమెరికాలో ఒక పరిశీలన చేశారు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ లెక్కలు, సైన్సు ప్రశ్నలతో ఒకే పరీక్ష పెట్టి, ఎంత బాగా చేశారో మీకు మీరే చెప్పండి అని అడిగారు. అంతే బాగా రాసిన ఆడవాళ్లు కూడా మగవాళ్లకంటే తమకు తాము తక్కువ వేసుకున్నారు. నీకు ఇన్ని సరైన జవాబులు వచ్చాయి అని చెప్పాక కూడా ఆ తేడా పోలేదు. 2022లో అచ్చయిన ఈ పరిశీలన చదివినప్పుడు నాకు వదినగారి కాగితమే కళ్లముందు కదిలింది.

డోనా స్ట్రిక్‌ల్యాండ్ పేరు వినే ఉంటారు. లేజర్ కిరణాల మీద చేసిన పనికి 2018లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న కెనడా శాస్త్రవేత్త. 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గెప్పర్ట్ మేయర్ తర్వాత ఆ బహుమతి అందుకున్న మూడో స్త్రీ ఆమె. బహుమతి ప్రకటించిన రోజుకు ఇంగ్లీషు వికీపీడియాలో ఆమె మీద పేజీ లేదు. అదే సంవత్సరం ఎవరో రాసి పంపితే, ఆమె గొప్పతనానికి తగిన ఆధారాలు చూపలేదని మే నెలలో తిప్పి పంపారు. అప్పటికి ఆమె విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్. పూర్తిస్థాయి ప్రొఫెసర్ ఎందుకు కాలేదని విలేకరులు అడిగితే, తాను ఎప్పుడూ దరఖాస్తు చేయలేదని ఆమె చెప్పారు. ఆమెకు ఆ పదవి మీద మోజు లేకపోవచ్చు, అది ఆమె ఇష్టం. కానీ మనలో ఎంతమంది ఇష్టం లేక కాకుండా, అడగడానికి మొహమాటపడి ఆగిపోతున్నాం? అడగందే అమ్మయినా పెట్టదని సామెత చెప్పేదీ మనమే!

మళ్లీ మా వదినగారి దగ్గరికి వస్తాను. మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. రెండేళ్ల కిందట ఇంకో రెండు మగ్గాలు కొని, మనిషిని పెట్టుకుందామని బ్యాంకులో అప్పుకు వెళ్లారట. ఫారంలో వృత్తి అన్నచోట "గృహిణి" అని రాశారు. ఆదాయం అన్నచోట గీత పెట్టారు. అక్కడి ఉద్యోగి చూసి, "ఆదాయం లేనప్పుడు అప్పెలా తీరుస్తారమ్మా?" అని కాగితాలు వెనక్కి ఇచ్చేశారట. ఆవిడ మారు మాట్లాడకుండా వచ్చేశారు. నాలుగు మాటల పరిచయమే కదా, ఎలా రాస్తే ఏం అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించండి. ఆ ఒక్క పదం ఖరీదు రెండు మగ్గాలు, ఒక మనిషికి ఉపాధి.

గృహిణి అన్న మాట చిన్నదని నేను అనడం లేదు సుమా! 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లకు అది 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటల చాకిరీని "ఖాళీగా ఇంట్లోనే ఉంటున్నాను" అని చెప్పుకునేది ఎవరయ్యా అంటే, మళ్లీ మనమే. గృహిణి అని రాయండి, గర్వంగా రాయండి. కానీ దాని వెనక ఇంకో పనిని దాచకండి.

"మన ఆడవాళ్లకు ఇలా రాసుకునే అలవాటెక్కడిది?" అంటారేమో. లేకేం! ఆతుకూరి మొల్ల రామాయణం తెరిచి మొదటి పద్యాలు చూడండి. తన తండ్రి కేసనను చెప్పుకుంటుంది. నాకు శాస్త్రాలేవీ రావు, గోపవరం శ్రీకంఠ మల్లేశ్వరుడి దయవల్ల కవిత్వం చెప్పడం వచ్చింది అంటుంది. అణకువే. అయితే రానివన్నీ పేరుపేరునా, వరసగా, పద్యంలో చెబుతుంది. ఆ పేర్లన్నీ తెలిసినావిడకు విద్య రాదంటే ఎవరు నమ్ముతారు? తల వంచినట్టే వంచి తన సంగతి తాను చెప్పేసింది మొల్ల.

ముద్దుపళని దారి వేరు. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉండి "రాధికా సాంత్వనము" రాసిన ఆమె, పీఠికలో తన విద్యను, పండితులకు తానిచ్చిన కానుకలను, తనకు అంకితమైన కావ్యాలను తడుముకోకుండా చెప్పుకుంది. నా వంటి స్త్రీ ఇంకెవరున్నారని అడిగింది. ఆ తర్వాత జరిగిందే మనం గుర్తుపెట్టుకోవలసింది. ఆ కావ్యాన్ని తర్వాత అచ్చువేసినప్పుడు ఆ పీఠికను వదిలేశారు. పుస్తకం ఉంది, రాసిన మనిషి లేదు! బెంగుళూరు నాగరత్నమ్మ పాత ప్రతిని వెతికి పట్టుకుని, 1910లో మొత్తం కావ్యాన్ని అచ్చు వేయిస్తే గాని ముద్దుపళని తన గురించి చెప్పుకున్న మాటలు మళ్లీ లోకానికి తెలియలేదు. ఒక స్త్రీ రాసుకున్న పరిచయాన్ని తీసేసేవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. మనం ఈ రోజు ఆ శ్రమ కూడా వాళ్లకు ఇవ్వడం లేదు. మనదాన్ని మనమే తీసేసుకుంటున్నాం.

సరే, ఇంతకీ వదినగారి కాగితం ఏమైంది? నా నవ్వు చూసి ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. వాళ్లమ్మాయి మాత్రం, "నువ్వు కష్టపడకమ్మా, కంప్యూటర్‌నే రాయమంటాను" అని నిమిషంలో ఒక పేజీ రాయించి తెచ్చింది. సంప్రదాయానికి ఆధునికతను మేళవించి, అంకితభావంతో, అత్యున్నత ప్రమాణాలతో, మీ కలలకు రూపమిచ్చే... ఇలా సాగింది. వదినగారు మొత్తం చదివి, కళ్లజోడు తీసి, "ఇదెవరి గురించే?" అని అడిగారు. అమ్మాయి గతుక్కుమంది. నిజమే. ఆ పేజీని స్వీట్ల కొట్టుకు పెట్టినా సరిపోతుంది, పెళ్లిమండపానికి పెట్టినా సరిపోతుంది. అందరికీ సరిపోయేది ఎవరిదీ కాదు.

"వదినగారూ, మీరు రాయకండి. నేను అడిగినవాటికి జవాబులు చెప్పండి చాలు" అన్నాను. కాఫీలు పెట్టుకుని వరండాలో కూర్చున్నాం. మొదట ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఏ సంవత్సరం? మొదటి జాకెట్టు ఎవరిది? ఎంత ఇచ్చారు? ఎంతమందికి నేర్పారు? వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ మీ దగ్గరికే ఎందుకొస్తారు? ఒక్కోటి అడుగుతుంటే ఆవిడ మొహంలో వెలుగు వచ్చింది. లోపలికి వెళ్లి ఆర్డర్లు రాసుకునే నోట్‌పుస్తకాలు తెచ్చారు. 2002 నుంచి ఉన్నాయి! అమ్మాయి కూర్చుని లెక్క కట్టింది. తక్కువలో తక్కువ 1,500 జాకెట్లు. "అన్ని కుట్టానా నేను!" అని ఆవిడే ఆశ్చర్యపోయారు. తన దగ్గర నేర్చుకున్న పదకొండుమందిలో నలుగురు సొంతంగా మగ్గం పెట్టుకున్నారని అప్పుడే గుర్తొచ్చింది.

చివరికి ఆ సైటులోకి ఎక్కిన మాటలు ఇవి: "నేను 2002 నుంచి మగ్గం వర్క్ చేస్తున్నాను. ఇప్పటిదాకా 1,500కు పైగా జాకెట్లు చేశాను. డిజైను నేనే ట్రేసింగ్ పేపరు మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి గుడ్డ మీదికి దించుతాను. కాబట్టి మీ జాకెట్టు డిజైను ఇంకొకరికి ఉండదు. లోపలివైపు ముడులు ఒంటికి గుచ్చుకోకుండా పైన మెత్తని లైనింగ్ వేస్తాను. పదకొండుమందికి ఈ పని నేర్పాను. పెళ్లి జాకెట్టుకు నెల రోజులు ముందు చెప్పండి. తొందర పనులు ఒప్పుకోను."

ఇందులో గొప్పలెక్కడున్నాయి చెప్పండి? ఒక్క పొగడ్త మాట లేదు. అంతా లెక్కే. అయినా చదివినవాళ్లకు ఈవిడకు పని వచ్చునని తెలిసిపోతుంది. ఆ ఆఖరి మాట పెట్టడానికి వదినగారు చాలాసేపు జంకారు. "తొందర పనులు ఒప్పుకోను అంటే పొగరనుకోరూ?" అని. పొగరు కాదు, పని మీద గౌరవం అన్నాను.

పొగడ్తకూ లెక్కకూ ఉన్న తేడా తెలిస్తే ఈ విద్య సగం వచ్చినట్టే. "నేను గొప్ప టీచర్‌ని" అంటే డబ్బా. "పద్దెనిమిదేళ్లుగా ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను, లెక్కలంటే భయపడే పిల్లలంటే నాకు ఇష్టం" అంటే పరిచయం. మీరూ రాసి చూడండి. ముందు మీ పేరు రాయండి, మీ సొంత పేరు. తర్వాత మీరు ఏం చేస్తారో, ఎవరికోసం చేస్తారో ఒక్క వాక్యంలో చెప్పండి. చదువులూ సర్టిఫికెట్లూ ఆ తర్వాతే. సంవత్సరాలు, సంఖ్యలు గుర్తుచేసుకోండి. మీరు మాత్రమే చేసే చిన్న పని ఒకటి తప్పకుండా పెట్టండి, వదినగారి ముడుల మీది లైనింగ్‌లా. అదే చదివినవాళ్లకు గుర్తుండిపోతుంది.

రాశాక ఎర్ర పెన్ను తీసుకోండి. "సాధారణ", "ఏదో", "కేవలం", "ఖాళీ సమయంలో", "చిన్నపాటి" అన్న మాటలు కొట్టేయండి. ఆ చేత్తోనే "అద్భుత", "అత్యుత్తమ", "అంకితభావం" కూడా కొట్టేయండి. మిగిలిందే మీరు. దాన్ని పైకి చదవండి. మీ మాటలా వినిపించాలి. మీ గురించి బాగా తెలిసిన ఒకరికి చూపించి, "ఇందులో ఏం వదిలేశాను?" అని అడగండి. మీరు మామూలే అనుకుని వదిలేసినదాన్ని వాళ్లు తప్పకుండా పట్టుకుంటారు.

పిల్లల కోసమో, పెద్దవాళ్ల కోసమో కొన్నేళ్లు ఉద్యోగం మానేసినవాళ్లు ఆ ఏళ్లను దాచిపెట్టుకోనక్కరలేదు. "2015 నుంచి 2021 వరకు ఇంటి బాధ్యతలు చూసుకున్నాను, 2022లో మళ్లీ పనిలో చేరాను" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. సంజాయిషీ అక్కర్లేదు. ఒక్క వాక్యంలో ఒకటి, నాలుగైదు వాక్యాల్లో ఒకటి, అర పేజీలో ఒకటి... మూడు రకాలుగా రాసి ఉంచుకోండి. సభలో చదవడానికి ఇచ్చేదైతే "ఈమె" అని, మీ సొంత పేజీ అయితే "నేను" అని రాయడం బాగుంటుంది. ఏటా ఉగాదికి ఒకసారి తీసి కొత్తవి చేర్చండి.

ఒక హెచ్చరిక కూడా. మన గురించి చెప్పడమంటే మన ఇంటి తలుపులు బార్లా తెరవడం కాదు. వెబ్‌సైట్‌లో పెట్టింది ఎవరైనా చూస్తారు. ఇంటి డోర్ నంబరు, పుట్టిన తేదీ, పిల్లల బడి పేరు, వాళ్ల ఫొటోలు పెట్టకండి. పని కోసం విడిగా ఒక ఫోన్ నంబరు ఉంచుకోండి. ఊరి పేరు చాలు, వీధి పేరు అక్కర్లేదు. ఏం చెప్పాలో ఎంచుకునే హక్కు మీది. మౌనానికీ జాగ్రత్తకూ తేడా ఉంది.

చివరగా, చెప్పాలా వద్దా అని ఆలోచించిన మాట ఒకటి. మా అమ్మ పోయినప్పుడు పేపర్లో వేయించడానికి ఆవిడ గురించి నాలుగు వాక్యాలు రాయమన్నారు. అక్కచెల్లెళ్లం ముగ్గురం కూర్చున్నాం. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి... అక్కడితో పెన్ను ఆగిపోయింది. మా వీధిలో పనివాళ్ల పిల్లలకు మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చోబెట్టి అమ్మ అక్షరాలు నేర్పేది. ఎన్నేళ్లు నేర్పింది? ఎంతమందికి? మాకెవరికీ తెలియదు. ఆవిడ చెప్పలేదు. మేము అడగలేదు. పదమూడో రోజున ముక్కూ మొహం తెలియని ఒకాయన వచ్చి, "అమ్మగారి దగ్గరే నేను ఓనమాలు దిద్దాను" అని ఏడుస్తుంటే, మా అమ్మ ఎవరో మాకు కొత్తగా తెలిసింది.

1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, అడిగి, వాళ్ల మాటలను వాళ్ల నోటితోనే చెప్పించారు. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి అది పుస్తకమైంది. మా అమ్మను అడిగినవాళ్లు లేరు.

అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక అరగంట తీసుకోండి. ముందు మీ గురించి నాలుగు వాక్యాలు రాసుకోండి, వెబ్‌సైట్ ఉన్నా లేకపోయినా సరే. ఆ తర్వాత కాగితం తిప్పి, మీ అమ్మనో అత్తగారినో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. "నా గురించి ఏముందే చెప్పడానికి?" అంటారు వాళ్లు. అననివ్వండి. కాఫీ ఇచ్చి మళ్లీ అడగండి.

అన్నట్టు, మా వదినగారు మొన్న మళ్లీ బ్యాంకుకు వెళ్లారు. ఈసారి నోట్‌పుస్తకాలు సంచీలో పెట్టుకుని మరీ వెళ్లారు. అప్పు వస్తుందో రాదో ఇంకా తెలియదు. కానీ ఫారంలో వృత్తి అన్నచోట ఏం రాశారో నాకు చూపించారు. "మగ్గం వర్క్. 2002 నుంచి."